ఘోఘా రేవులో నీళ్లు లేని పూట

మా ఆయన అస్థికలు ఏడాదిపాటు శ్మశానంవాళ్ల ఇనుప అల్మారాలో ఉన్నాయి. చిన్న మట్టికుండ, మూతికి ఎర్రగుడ్డ, గుడ్డకు పేరు రాసిన చీటీ. సూరత్‌లో ఆ వసతి ఉంది. బతుకుదెరువుకు వచ్చినవాళ్లే ఎక్కువ కదా, ఎవరి నదికి వాళ్లు తీసుకుపోయేదాకా కుండలు అక్కడ వరసగా కూర్చుంటాయి. వారానికో నెలకో అందరివీ వెళ్లిపోతాయి. మాది మాత్రం కదల్లేదు. కారణం నేనే. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

కుండను గోదావరికి తీసుకుపోతానని మా మరిది అన్నాడు. మాకు కొడుకు లేడు, ఒక్కతే కూతురు. అందుకని తన కొడుకు చేత కలిపిస్తాడట, ఆడవాళ్లం ఇంటిపట్టున ఉంటే చాలట. కుదరదన్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఆ మనిషితో కాపురం చేసింది నేను. పన్నెండు గంటల షిఫ్టు చేసి, మగ్గాల మోతకు చెవులు దిబ్బళ్లు పడి ఇంటికొస్తే, సైగలతో మాట్లాడి అన్నం పెట్టింది నేను. చివరి మూడు నెలలు పట్టుకుని కూర్చోబెట్టింది, పడుకోబెట్టింది నా కూతురు. బతికున్నప్పుడు పనికొచ్చిన చేతులు చచ్చిపోయాక పనికిరాకుండా పోయాయా?

పైగా ఆయన కోరిక వేరు. పెళ్లికి ముందు తోటి మగ్గాలవాళ్లతో కలిసి ఒకసారి భావ్‌నగర్ అవతల కోళియాక్ అనే ఊరు వెళ్లాడు. అక్కడ ఒడ్డు నుంచి ఒక కిలోమీటరు లోపల, సముద్రం నడుమ, రాతి అరుగు మీద శివలింగాలున్నాయి. పోటు మీద అన్నీ నీళ్లలో మునిగి జెండా కొన మాత్రం కనబడుతుంది. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి పోయినప్పుడు నడిచి వెళ్లాలి, మళ్లీ పోటు రాకముందే తిరిగి రావాలి. గుజరాతీలు చాలామంది తమవాళ్ల అస్థికలు అక్కడే కలుపుతారు. సముద్రం పక్కకు జరిగి మనిషికి తోవ ఇవ్వడం మా ఆయన మరిచిపోలేకపోయాడు. మంచం పట్టాక రెండుసార్లు చెప్పాడు, నన్ను ఆడ కలుపు అని. మరిది ముందు చెప్పలేదు, నా ముందే చెప్పాడు. అదే మా మరిదికి పట్టుకుంది. వదిన కల్పించి చెబుతోందని నలుగురిలో అన్నాడు కూడా. ఒంటికాలి మీద లేచాను. ఆ తర్వాత నాలుగు నెలలు మాటల్లేవు.

ఏడాది తిథి దగ్గర పడుతుంటే ఊరికి ఆ చివరనున్న అమ్రోలి నుంచి తనే మా ఇంటికి వచ్చాడు. మేముండేది ఊరికి ఈ చివర, ఉన్‌లో. లోపలికి రమ్మంటే రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఏడాది తిథి నాడు నీ తీరుగనే కానియ్ వదినే, నేను గూడ వస్త. కాని ఆ రోజు ఆడికి పోలేకపోయినమంటే కుండ నా చేతుల పెట్టాలె. తెల్లారి గోదారికి కొంటవోత. మల్ల నువ్వు నోరు తెరువద్దు."

"పెడ్త" అన్నాను. మాటంటే మాటే. నాకు నోటి దురుసు ఉందేమో గానీ నోటి దొంగతనం లేదు.

మా ఆయన పోయింది బహుళ విదియ. తిథిని మనం జరపలేం. ఇక మిగిలింది ఆ రోజు వేళకు అక్కడికి చేరడం. సూరత్ నుంచి రోడ్డు మీద వెళితే సముద్రపు పాయంతా చుట్టి వెళ్లాలి, రోజంతా పడుతుంది. హజీరా నుంచి ఓడెక్కితే నాలుగు గంటల్లోపు అవతల ఘోఘా రేవు. ఓడలోనే కూర్చోబెట్టి, దింపి, బస్సెక్కించి తిప్పే టూరు కూడా ఒకటి ఉందని మరిది కరపత్రం పట్టుకొచ్చాడు. అందరితోపాటు పోతే రంది ఉండదు, ఆలస్యమైనా వాళ్ల బస్సు ఆగుతుంది అన్నాడు. కరపత్రం తిప్పి చూశాను. మొదటిరోజు వేరే గుళ్లు, సముద్రంలో గుడి మర్నాడు పొద్దున. మర్నాడంటే తదియ. ఆ మాట అతనికి తెలియక తెచ్చాడో తెలిసి తెచ్చాడో నేను అడగలేదు.

మా అమ్మాయి ఫోన్లో వెతికి కోళియాక్ అతన్ని ఒకతన్ని పట్టుకుంది. చిన్న వ్యాను నడుపుతాడు, పుట్టిపెరిగింది ఆ ఒడ్డునే. ఆటును వాళ్లు ఓట్ అంటారు. పున్నమి నాడు పన్నెండుకు పావు తక్కువకు ఓట్ పూర్తవుతుందని, రోజుకు ముప్పావు గంట చొప్పున ఆలస్యమవుతుందని చెప్పాడు. విదియ నాటికి ఒంటిగంటా పావు. మూడున్నర దాటితే దారి మూసుకుంటుంది. ఓడ దిగేది పదకొండున్నరకు, రోడ్డు నలభై నిమిషాలు. వేళ్ల మీద మూడుసార్లు లెక్కపెట్టాను. పాతికేళ్లు కండెలు చుట్టిన దాన్ని, బుట్టలోకి చూడకుండా ఎన్ని కండెలున్నాయో చెప్పగలను. ఈ లెక్క తప్పుతుందా? రేవు దగ్గర వ్యాను పెట్టుకుని ఉండమని అతనితో ఖాయం చేసుకున్నాం.

ఆ రోజు తెల్లవారగానే శ్మశానంవాళ్లు తాళం తీసి కుండ ఇచ్చారు. దాన్ని దారిలో ఎక్కడా కింద పెట్టకూడదు. నేనూ అమ్మాయీ మార్చి మార్చి ఒళ్లో పెట్టుకున్నాం. హజీరా దాకా ఆటోలో మరిది రెండు మూడుసార్లు చేతులు చాచాడు, నొప్పి పుడతది ఇటియ్యుర్రి అన్నాడు. ఇవ్వలేదు. అతని చేతికి పోతే మళ్లీ నా చేతికి రాదని నా అనుమానం. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఓడ మేడలాగా ఉంది. కింద లారీలు, కార్లు. పైన కుర్చీలు, చాయ్, సమోసాలు. టూరువాళ్లందరికీ పసుపు టోపీలు. బయలుదేరిన గంటకే పై డెక్కు మీద పాటలు పెట్టి గర్బా మొదలెట్టారు. వాళ్ల సంబరం చూస్తే నాకు కోపం రాలేదు. ఆయనుంటే చప్పట్లు కొట్టుకుంటూ పోయి వాళ్ల మధ్య నిలబడేవాడు. పదకొండింటికి అవతలి ఒడ్డు సన్నగా గీతలా కనబడింది. మా అమ్మాయి నావైపు చూసి నవ్వింది.

ఆ తర్వాత ఓడ నెమ్మదించింది. ఇంకాసేపటికి ఆగే పోయింది. మైకులో హిందీలోనూ గుజరాతీలోనూ ఏదో చెప్పారు, గర్బా గోలలో మాకు సరిగా వినబడలేదు. రెయిలింగు దగ్గర తాళ్లు చుడుతున్న ఖలాసీని అడిగాను, ఎందుకు ఆగిందని. ఓట్ అన్నాడు. రేవు దగ్గర నీళ్లు తక్కువున్నాయి, ఒండ్రు పేరుకుంది, నీళ్లు ఎక్కేదాకా ఓడ లోపలికి పోదు. ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూశాడు.

నేను కుండ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తిథి చూశాం, ఓట్ చూశాం, రోడ్డు చూశాం, నిమిషాలు చూశాం. గుడి దగ్గర నీళ్లు ఎప్పుడుండవో అంత పకడ్బందీగా లెక్క కట్టి, ఓడ తేలడానికి నీళ్లుండాలన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. సరిగ్గా సముద్రం లేని వేళ చూసుకుని ఓడెక్కిన మొనగాళ్లం మేమే. మగ్గం మీద వెయ్యి పోగుల్లో ఒక్కటి తెగితే చీకట్లో కనిపెడతాం మావాళ్లం. నీళ్ల సంగతి మా తాతముత్తాతలకే తెలియదు, మాకెక్కడ తెలుస్తుంది. నవ్వొచ్చింది.

మరిదికి చెప్పాను. అతను నవ్వలేదు, ఎత్తిపొడవలేదు. గడియారం చూసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎత్తిపొడిచినా బాగుండేది, నాలుగు మాటలనేసేదాన్ని.

ఆ ఎత్తిపొడుపు పని పసుపు టోపీల పెద్దమనిషి చేశాడు. టూరు నడిపేది ఆయనే. మా గొడవ మా అమ్మాయి నోట విని, ఆలస్యమైతే మా బస్సు ఆగుతుంది బెహన్, సొంతంగా బుక్ చేసుకుంటే ఇలాగే ఉంటుంది, ఎవరూ ఎవరి కోసం ఆగరు అని జాలిగా చెప్పాడు. బస్సు ఆగుతుంది సరే, సముద్రాన్ని కూడా ఆపుతారా అని హిందీలో అడిగాను. మీ టూరులో నా మొగుడి తిథి లేదు, అందుకే రాలేదు అన్నాను. అంతకంటే ఎక్కువే అన్నాను గానీ అవన్నీ ఇక్కడ ఎందుకు.

పన్నెండయింది. ఒంటిగంట అయింది. వ్యానతను ఫోన్ చేశాడు, దారి తెరుచుకుంది, జనం వెళుతున్నారు, మీరెక్కడ అని. కనబడుతూనే ఉన్నాం, మీ రేవు ముందే నిలబడ్డాం అని మా అమ్మాయి చెప్పింది. ఒంటిగంటా పావు కూడా దాటింది. నాకు భయం వేసింది. దేవుడి భయం కాదు, దోషం భయం కాదు. ఓడిపోతానని భయం. రేపు ఈ కుండ ఎర్రగుడ్డతో సహా అతని చేతిలో పెట్టి, నేను గుమ్మంలో నిలబడి చూడాలి. అక్కడ మరిది కొడుకు మంత్రాలు అర్థం కాక ఆవులిస్తూ కలుపుతాడు. నా కూతురు ఇక్కడ అంట్లు తోముతూ ఉంటుంది. ఏడిస్తే మరిది ఓదార్చడానికి వస్తాడని ఏడుపు ఆపుకున్నాను.

పోటు తిరిగి రేవులోకి నీళ్లు ఎక్కాక, రెండింటికి ఓడ కదిలింది. ముందు కింద ఉన్న వాహనాలన్నీ దిగాలి, నడిచి దిగేవాళ్లు తలుపులు తెరిచేదాకా కూర్చోవాలి అని మైకులో చెప్పారు. లారీలే ముప్పై దాకా ఉన్నాయి. నేను లేచాను.

"యాడికి?" అన్నాడు మరిది. "వరుస రానియ్ వదినే. కూసోమన్నరు గదా."

"నువ్వు కూసో" అన్నాను.

వాహనాలున్నవాళ్లు మెట్లు దిగుతుంటే వాళ్ల వెనకే దిగిపోయాం. కింద డీజిల్ వాసన, చీకటి. వరసలో రెండోది ఒక టెంపో. వెనక గోనెపట్టాతో కుట్టిన బట్టల మూటలు. ఆ కుట్టు చూడగానే పోల్చాను, అది సూరత్ బయట పల్సానా వైపు మిల్లుల సరుకు. మా ఆయన చివరి ఆరేళ్లు పనిచేసింది ఆ వైపే. ఎవరికి తెలుసు, అందులో ఏ గుడ్డ ఏ మగ్గం మీదిదో. డ్రైవరు బిహారీ మనిషి, మీసాలు నెరిశాయి. ఇది నా మొగుడు అని కుండ చూపించాను. మూడున్నరలోగా నీళ్లలో కలపాలి, బయటిదాకా ఎక్కించుకుంటావా అన్నాను. అతను చేతులు జోడించి పక్క తలుపు తీశాడు. మేం ఎక్కి కూర్చున్నాక చూస్తే మరిది వెనక మూటల మీదికి ఎక్కుతున్నాడు. వరుస తప్పని మనిషి, జీవితంలో మొదటిసారి అనుకుంటాను, ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

రెండూ ఇరవై ఐదుకు నేల మీద ఉన్నాం. వ్యానతను మంచివాడు, అంతసేపూ కదలకుండా ఉన్నాడు. ఎవరూ ఎవరి కోసం ఆగరన్న పెద్దమనిషికి చూపిద్దామనిపించింది గానీ ఆయన ఇంకా ఓడలోనే ఉన్నాడు. దారిలో వ్యానతను ఒక్కటే మాట చెప్పాడు, పోటు మొదలైందంటే మనిషి నడక కంటే జోరుగా వస్తుందని.

కోళియాక్ ఒడ్డుకు చేరేసరికి మూడూ ఐదు. దూరంగా అరుగు, మీద జెండాలు. మధ్యలో తడి ఇసుక మెరుస్తోంది, అక్కడక్కడ నీటిపాయలు. జనమంతా ఇటు వస్తున్నారు. అటు పోయేవాళ్లు ఒక్కరూ లేరు. వస్తున్నవాళ్లు మమ్మల్ని చూసి చేతులు ఊపుతున్నారు, వద్దు వద్దని.

మరిది చెప్పులు విప్పలేదు.

"అయిపోయింది వదినే. సగం తొవ్వకే మునుగుతరు. పిల్ల ఉన్నది నీ ఎంబడి. ఇయ్యి కుండ."

"ఇంక దారి కనవడుతనే ఉన్నది" అన్నాను. "మునిగినంక అడుగు."

చెప్పులు విడిచి చీర ఎత్తి చెక్కుకున్నాను. అమ్మాయి ప్యాంటు మడిచింది. కుండ అమ్మాయి చేతికిచ్చి దాని రెక్క ఒకటి పట్టుకున్నాను. కాలు పెడితే బురద పిక్కదాకా లాగింది. నల్లరాళ్లు, గవ్వపెంకులు, అరికాళ్లు కోసుకుపోయాయి. ఎదురొచ్చిన ఒకావిడ నా భుజం పట్టుకుని ఆపింది, విడిపించుకున్నాను. పాపం ఆవిడ తప్పేముంది. నాకప్పుడు దేవుడు అడ్డమొచ్చినా పక్కకు జరగమనేదాన్ని.

సగం పైనే నడిచాం. జెండాల రంగులు కనబడుతున్నాయి. అప్పుడు నీళ్లు వచ్చాయి. అల వచ్చినట్టు రాలేదు, చప్పుడు లేదు. చీలమండల దగ్గర చల్లగా తగిలింది, పది అడుగులు వేసేసరికి పిక్కల దాకా వచ్చాయి. రెండు వైపుల నుంచీ వస్తున్నాయి. అమ్మాయి ఆగిపోయింది.

"మమ్మీ, బస్, చాలు. ఇంకా ముందుకు పోతే వాపస్ రాలేం."

నాకు ఈత రాదు, దానికీ రాదు. నిజం చెప్పాలంటే, దాన్ని అక్కడే వెనక్కి పంపేసి నేనొక్కదాన్నే పోదామనుకున్నాను. రెండు అడుగులు వేశాను కూడా. అది నా కొంగు పట్టుకుని ఏడుస్తోంది. తండ్రి పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని పిల్ల. అప్పుడు నా మీద నాకే ఒళ్లు మండింది. ఎవరి మీద గెలవడానికి పోతున్నాను? ఆయన కలుపు అన్నాడు గానీ పందెం కాయమన్నాడా?

"విప్పు" అన్నాను. "ఈడ్నే కలుపుదం."

"ఇక్కడా? మందిర్ దాకా కాదా?"

"నీళ్లొచ్చినయ్ గదా బిడ్డా. ఆడున్నవి గూడ ఇవే నీళ్లు."

అది కుండ వంచింది. దాని మణికట్టు కింద నా చెయ్యి పెట్టాను. మంత్రాలు రావు. ఆయన్ని పిలిచే తీరున ఏమయ్యో అని పిలిచాను, వెళ్లిరా అన్నాను. పోటు నీళ్లు కదా, బూడిద లోపలికి పోకుండా ఒడ్డు వైపే సాగింది. డాడీ అటు పోతున్నాడేంటి అని అమ్మాయి కంగారు పడింది. నీళ్లు ఎటు పోతే అటే అన్నాను. ఇద్దరం కొంగూ చున్నీ ముడేసుకుని వెనక్కి నడిచాం. ఒడ్డు చేరేసరికి నీళ్లు మోకాళ్లు దాటాయి.

మావాళ్లలో కొందరు ఇప్పటికీ అంటారు, ఆడవాళ్లు కలిపారు, అదీ దేవుడి దాకా పోకుండా దారిలో పారబోసి వచ్చారు అని. నా ముందే అంటారు. అననీ. ఆ దారిలో నడిచిన కాళ్లు వాళ్లవి కావు. రేపు మళ్లీ అదే పని చేయాల్సి వస్తే మళ్లీ అలాగే చేస్తాను, కాకపోతే ముందురోజే ఓడెక్కుతాను.

ఒడ్డున మరిది నీళ్ల అంచునే నిలబడి ఉన్నాడు. నేను జగడానికి సిద్ధపడే వచ్చాను. గుడి దాకా పోలేదు, ఒప్పుకుంట, కాని తిథి నాడే కలిసిండు, సముద్రంలనే కలిసిండు, నా బిడ్డ చేతుల మీద కలిసిండు, ఇంక నీకు ఇచ్చేదేం లేదు. ఇవన్నీ నోటి చివరన పెట్టుకుని వచ్చాను. ఒక్కటీ అనే అవసరం రాలేదు. అతను నా చేతిలోని కుండలోకి తొంగి చూశాడు.

"జర్రంత గూడ ఉంచలేదా, వదినే?"

నేను కొంగు ముడి విప్పుతున్నాను.

"ఊకె గోదారి గోదారి అన్నగని, నాకేం గోదారి పిచ్చి లేదు. ఆడిదాక నా ఒళ్ల పెట్టుకోని పోవచ్చు గదా అనుకున్న. సూరత్‌కు నన్ను తోలుకొచ్చింది ఆయనే. రైల్ల నాకు సీటు దొరకకపోతే ఆయన ఒళ్ల పండవెట్టుకున్నడు. ఏడాది సంది ఒక్కపారన్న ముట్టనీయలే నువ్వు."

అరవయ్యేళ్లకు దగ్గరపడ్డ మనిషి. నలుగురిలో నన్ను అబద్ధాలకోరన్న మనిషి. కుండలో చూశాను. అడుగున తడికి అంటుకుని గుప్పెడు కూడా లేదు, చారలా ఉంది.

కుండ అతని చేతిలో పెట్టాను. చెప్పులతోనే మోకాళ్ల లోతు నీళ్లలోకి వెళ్లాడు. కూర్చున్నంత పని చేసి, కుండను తొడ మీద ఆనించుకుని, అడుగంతా వేళ్లతో మెల్లగా కడిగాడు. చాలాసేపు కడిగాడు. నీళ్లు నడుము దాకా వచ్చాయి. అమ్మాయి బాబాయిని కాకా కాకా అని పిలుస్తోంది. నేను మాత్రం పిలవలేదు. చీర అలాగే ఎత్తి పట్టుకుని మళ్లీ నీళ్లలోకి దిగి, అతని పక్కన నిలబడ్డాను.